డాబా మీద వెదర్ స్టేషన్: కొనాలా, కట్టుకోవాలా?

ఉష్ణోగ్రత, తేమ, వాన, గాలి కొలిచే ఇంటి వెదర్ స్టేషన్‌ను కొనడమా, సొంతంగా కట్టుకోవడమా అనే లెక్క చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు. విడిభాగాలు రెండు వేలకే వస్తాయి, రెడీమేడ్ స్టేషన్ ఇరవై వేల దాకా ఉంటుంది, కాబట్టి కట్టుకోవడమే లాభం అనుకుంటారు. ఆ రెండు వేలకు వచ్చేది ఉష్ణోగ్రత, తేమ, వాయుపీడనం మాత్రమే. వాన, గాలి కూడా కలిపేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. అందుకే ధరను నాలుగో మెట్టులో చూద్దాం. అంతకన్నా ముందు తేలాల్సినవి మూడున్నాయి.

తీర్పు మాత్రం ముందే చెబుతున్నాం. ఉష్ణోగ్రత, తేమ సొంతంగా కట్టుకున్నవే బాగుంటాయి. కదిలే భాగాలున్న వాన, గాలి పరికరాలు కొనుక్కోవడమే మేలు. ఎక్కడ బిగిస్తారన్నది ఈ రెండిటికన్నా పెద్ద విషయం.

1. ఏ అంకెతో ఏం పనో రాసుకోండి

మిరపకో పత్తికో మందు కొట్టాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే గాలి వేగం కావాలి. గంటకు 15 కిలోమీటర్లు దాటిన గాలిలో కొట్టిన మందు పక్క చేను మీద పడుతుంది. విత్తనానికి పదునైందా లేదా తెలియాలంటే వాన లెక్క చాలు. కోళ్ల షెడ్డుకు, పాలీహౌస్‌కు ఉష్ణోగ్రత, తేమ ఉంటే సరిపోతుంది, పైగా సెన్సర్ లోపలే ఉండాలి. అక్కడ ఆరుబయట పెట్టే ఆల్-ఇన్-వన్ స్టేషన్ కొనడం డబ్బు దండగ. సరదా కోసమైతే అన్నీ కావాలనిపిస్తుంది, అందులో తప్పు లేదు.

ఇప్పుడు మీ మండలంలో ప్రభుత్వ ఆటోమేటిక్ స్టేషన్ ఎంత దూరంలో ఉందో చూడండి. తెలంగాణలో డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి వెయ్యికి పైగా స్టేషన్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రణాళికా శాఖ కింద ఇలాంటి స్టేషన్ల వ్యవస్థే ఉంది. నేల చదునుగా ఉన్న ప్రాంతంలో నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మంచి స్టేషన్ ఉంటే, ఆరుబయటి ఉష్ణోగ్రత కోసం మీరు ఖర్చు పెట్టడం వల్ల కొత్తగా తెలిసేది కొంచెమే. వాన అలా కాదు. వేసవి ఉరుముల వాన, తొలకరి వాన రెండు కిలోమీటర్లలోనే 40 మి.మీ. నుంచి సున్నాకు పడిపోగలవు. సొంత పరికరం నిజంగా పనికొచ్చేది వానకే.

వాన ఒక్కటే కావాలంటే కరెంటు, వై-ఫై ఏమీ అక్కర్లేదు. అంచు పదునుగా ఉన్న గరాటు, దాని కింద సీసా, కొలగ్లాసు ఉంటే చాలు. గరాటు నోటి లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 0.0785తో గుణించండి. ఒక మి.మీ. వానకు ఎన్ని మిల్లీలీటర్లు పడాలో వస్తుంది. 10 సెం.మీ. గరాటుకు అది 7.85 మి.లీ. వాతావరణ శాఖ వాడే సైమన్స్ వర్షమాపకం వ్యాసం 12.7 సెం.మీ., దానికి 12.66 మి.లీ. వస్తుంది. రోజూ ఉదయం 8:30కి కొలిచి రాసుకుంటే, సరిగా పెట్టిన ఈ సీసా సరిగా పెట్టని ఇరవై వేల స్టేషన్ కన్నా నమ్మకమైన లెక్క ఇస్తుంది. చాలామందికి ఇక్కడితో ఆగిపోవడమే సరైన నిర్ణయం.

2. చోటు చూడకుండా ఏదీ కొనకండి

ఒక్కో కొలతకు కావాల్సిన చోటు వేరు. ఉష్ణోగ్రతను నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, నీడలో, గాలి ఆడేచోట కొలవాలి. గాలిని ప్రామాణికంగా 10 మీటర్ల ఎత్తులో, చుట్టూ అడ్డం లేనిచోట కొలుస్తారు. మన దేశంలో వర్షమాపకం అంచు నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. చుట్టుపక్కల చెట్టు, గోడ, ట్యాంకు ఎంత ఎత్తుంటే అంతకు కనీసం రెట్టింపు దూరంలో, వీలైతే నాలుగు రెట్ల దూరంలో దాన్ని పెట్టాలి.

ఈ మూడింటినీ ఒకే గడకు బిగించే ఆల్-ఇన్-వన్ స్టేషన్ పుట్టుకతోనే రాజీ. గాలి కోసం ఎత్తు పెంచితే వానలో తేడా వస్తుంది. వర్షమాపకంలోని చిన్న బకెట్ నిండినప్పుడల్లా తిరగబడి వానను లెక్కపెడుతుంది, గడ ఊగితే అది వాన లేకుండానే తిరగబడుతుంది. పైగా ఎత్తులో ఈదురుగాలి చినుకులను గరాటులో పడనీయకుండా పక్కకు తోసేస్తుంది. మీకు వాన ముఖ్యమైతే సెన్సర్లు విడివిడిగా వచ్చే సెట్టే చూడండి.

మన ఇళ్లలో స్టేషన్ చేరేది డాబా మీదికే. అక్కడి అసలు శత్రువు స్లాబ్. మే నెల మధ్యాహ్నం కాంక్రీటు స్లాబ్ కాలు పెట్టలేనంతగా కాలుతుంది, ఆ సెగ సెన్సర్ దాకా వస్తుంది. సాయంత్రం ఊరు చల్లబడ్డాక కూడా స్లాబ్ వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి రాత్రి అంకెలు కూడా ఎక్కువే చూపిస్తాయి. రోహిణి కార్తెలో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే '49 డిగ్రీల' ఫోటోల్లో చాలావాటికి కారణం ఇదే. పెరట్లో మట్టినేల ఉంటే ఉష్ణోగ్రత సెన్సర్ అక్కడే పెట్టండి. డాబా తప్పకపోతే స్లాబ్ నుంచి కనీసం 2 మీటర్ల ఎత్తులో, పిట్టగోడకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు, నీళ్ల ట్యాంకుకు దూరంగా పెట్టి, దాని కింద స్లాబ్‌కు తెల్ల కూలింగ్ పెయింట్ వేయించండి.

నాలుగు పక్కలా ఎత్తైన అపార్ట్‌మెంట్లున్న ఇంట్లో గాలి కొలవడం మానేయండి. అక్కడ వచ్చే వేగం, దిశ రెండూ ఆ సందువే కానీ ఊరివి కావు. గాలి సెన్సర్ అక్కర్లేదని తేలిందంటే కొనుగోలు లెక్క సగం మారిపోయినట్టే.

3. ఒక్కో సెన్సర్‌కు ఒక్కో తీర్పు

ఉష్ణోగ్రత, తేమ: కట్టుకోండి. ఎస్‌హెచ్‌టీ31 సెన్సర్‌కు కంపెనీ చెప్పే తేడా ఉష్ణోగ్రతలో 0.2 డిగ్రీలు, తేమలో 2 శాతం. ఇంటి స్టేషన్లలో పొరపాటు సెన్సర్ వల్ల వచ్చేది తక్కువ, దాని చుట్టూ ఉన్న చిన్న ప్లాస్టిక్ గొడుగు వల్ల వచ్చేది ఎక్కువ. గాలి ఆడని ఎర్రటి ఎండలో చవక స్టేషన్లు ఒకటి నుంచి మూడు డిగ్రీలు ఎక్కువ చూపడం మామూలే. సొంతంగా కడితే గొడుగు ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు, ఫ్యాన్ కూడా పెట్టుకోవచ్చు. డీహెచ్‌టీ11 అనే సెన్సర్ జోలికి పోవద్దు. డీహెచ్‌టీ22 ఎండాకాలం బాగానే ఉంటుంది కానీ తీరప్రాంతపు తేమలో ఒకటి రెండు వానాకాలాలకే 99.9 శాతం దగ్గర బిగుసుకుపోతుంది.

వాయుపీడనం: ఎలా చేసినా ఒకటే. బీఎంఈ280 అనే సెన్సర్ చాలు, దీన్ని ఇంట్లో గోడకు పెట్టినా పీడనం అంతే ఉంటుంది.

వాన: పరికరం కొనండి, కావాలంటే దాని వెనక ఎలక్ట్రానిక్స్ మీరు కట్టండి. బకెట్ తిరగబడే యంత్రాన్ని త్రీడీ ప్రింట్ చేసుకోవడం చూడ్డానికి తేలిక. కానీ ఇరుసు రాపిడి, రెండు బకెట్ల బరువు సమానంగా ఉండటం, ప్లాస్టిక్‌కు నీటిచుక్కలు అంటుకోవడం అనే మూడు చిక్కుల్లో ఏదో ఒకటి మిమ్మల్ని నెలల తరబడి తిప్పుతుంది.

గాలి: కొనండి. కప్పుల ఆకారం, బేరింగ్ నాణ్యత ఇంట్లో సాధించేవి కావు. వాటిని సరిచూసే గాలి సొరంగం కూడా మన దగ్గర ఉండదు. కొన్న కప్పులకు కనీసం కంపెనీ ఇచ్చిన లెక్క ఉంటుంది. కదిలే భాగాలు లేని అల్ట్రాసోనిక్ సెన్సర్లు కొన్ని స్టేషన్లలో వస్తున్నాయి. వాటిలో బేరింగ్ అరగదు కానీ, జోరు వానలో అంకెలు కొంత చెదురుతాయి.

ఎండ తీవ్రత, యూవీ: కొన్న సెట్‌లో వస్తే రానివ్వండి. వీటి కోసమే కట్టుకునే శ్రమ దండగ.

4. ఇప్పుడు డబ్బు లెక్క

ధరలు దుకాణాన్ని బట్టి మారతాయి, ఇవి సుమారు అంకెలు. సెన్సర్లను చదివి వై-ఫై మీద పంపే ఈఎస్‌పీ32 బోర్డు 400 నుంచి 600 రూపాయలు. ఎస్‌హెచ్‌టీ31, బీఎంఈ280 కలిపి వెయ్యి లోపు. వాననీరు చొరబడని ఐపీ65 డబ్బా, తీగ దూరే రంధ్రానికి బిగించే కేబుల్ గ్లాండ్లు, వైరు, అడాప్టర్, గొడుగు సామాను మరో వెయ్యి. అంటే ఉష్ణోగ్రత, తేమ, పీడనం రెండు నుంచి రెండున్నర వేలలో అయిపోతాయి.

వర్షమాపకం, గాలి కప్పులు, దిశ చూపే తోక కలిసిన విడిభాగాల సెట్ దిగుమతి సరుకు కాబట్టి ఎనిమిది, పది వేల దాకా పోవచ్చు. గడ, బిగింపులు, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ చిప్పు కలుపుకుంటే మొత్తం పన్నెండు నుంచి పదిహేను వేలు. వై-ఫై ఉన్న మధ్యరకం రెడీమేడ్ స్టేషన్ పదిహేను నుంచి పాతిక వేల మధ్య దొరుకుతుంది. డేవిస్ వాంటేజ్ ప్రో2 లాంటి వృత్తి స్థాయి పరికరం లక్ష దాకా, ఆపైకి కూడా పోతుంది. దాని గొప్పతనమల్లా పదేళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరకడమే.

కాబట్టి మొత్తం స్టేషన్ కట్టుకుంటే మిగిలేది కొద్ది వేలు. దానికి బదులు కొన్ని వారాంతాలు, ఆపైన ప్రతి వానాకాలం ముందు మరమ్మతు మీ నెత్తిన పడతాయి. సోల్డరింగ్, ప్రోగ్రామింగ్ సరదా ఉన్నవాళ్లకు అది ఖర్చు కాదు. ఇల్లు కదలలేని పెద్దవాళ్లకు, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర పెట్టి హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో చూసుకోవాలనుకునేవాళ్లకు కట్టిన స్టేషన్ వద్దే వద్దు. చెడిపోయినప్పుడు డాబా ఎక్కి తీగ సరిచేసేది ఎవరు?

5. కొనాలని తేలితే

మొదట చూడాల్సింది రేడియో ఫ్రీక్వెన్సీ. ఒకే మోడల్ 433, 868, 915 మెగాహెర్ట్జ్ రకాల్లో వస్తుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చేది సాధారణంగా 915. మన దేశంలో అది మొబైల్ సర్వీసులకు ఇచ్చిన భాగంలోకి వస్తుంది, లైసెన్సు లేకుండా వాడేది కాదు. లైసెన్సు అక్కర్లేనివి 433 పరిసరాలు, 865 నుంచి 868 దాకా. యూరప్ 868 రకాలు కొన్ని ఆ హద్దు కాస్త దాటి పనిచేస్తాయి కాబట్టి 433 అడిగి తీసుకోవడం క్షేమం. బయటి యూనిట్ ఒక రకం, లోపలి డిస్‌ప్లే మరో రకం అయితే రెండూ ఎప్పటికీ మాట్లాడుకోవు. తర్వాత విడిగా సెన్సర్ కొన్నప్పుడు కూడా ఇది మరిచిపోవద్దు.

రెండోది, డేటా ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. కంపెనీ యాప్‌లో మాత్రమే అంకెలు కనిపించే స్టేషన్, ఆ కంపెనీ సర్వర్ ఆపేసిన రోజు బొమ్మగా మిగులుతుంది. తుఫాను రాత్రి ఇంటర్నెట్ ఎలాగూ పోతుంది, మీకు అంకెలు కావాల్సింది అప్పుడే. డిస్‌ప్లేలోనే రికార్డు నిల్వ ఉండాలి, లేదా మీరు చెప్పిన సర్వర్‌కు డేటా పంపే సదుపాయం ఉండాలి. ఎకోవిట్ కంపెనీ గేట్‌వేలలో (సెన్సర్ల సంకేతాలు అందుకుని నెట్‌వర్క్‌కు పంపే పెట్టెల్లో) ఈ రెండో వసతి ఉంది, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కు నేరుగా కలుపుకోవచ్చు.

మూడోది వర్షమాపకం రకం. చినుకు తాకిడిని బట్టి వాన లెక్కగట్టే సెన్సర్లు శుభ్రం చేసే పని లేకుండా ఉంటాయి. కానీ సన్న తుంపరను వదిలేస్తాయి, జోరు వానలో ఎక్కువ తక్కువలు చూపిస్తాయి. వాన లెక్క కోసమే కొనేవాళ్లు బకెట్ రకమే తీసుకోండి.

ఇవి కాక గాలి కప్పులు, బకెట్, గొడుగు విడిగా దొరుకుతాయా అని అమ్మేవాళ్లను అడగండి. దొరకవంటే మూడేళ్లకు మొత్తం మార్చడానికి సిద్ధపడి కొనండి.

మధ్యేమార్గం ఒకటుంది. 433 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే బయటి యూనిట్ మాత్రమే కొని, కంప్యూటర్‌కు రేడియో సంకేతాలు అందుకునే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ పెట్టి, ఆర్‌టీఎల్_433 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ సంకేతాలను చదువుకోవచ్చు. కొనేముందు ఆ మోడల్ సాఫ్ట్‌వేర్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

6. కట్టాలని తేలితే

సెన్సర్ రాగానే అసలుదో కాదో చూడండి. బీఎంఈ280 పేరుతో బీఎంపీ280 అంటగట్టడం చాలా మామూలు. రెండోదానికి తేమ కొలిచే భాగమే ఉండదు. బోర్డుకు కలిపి చిప్ ఐడీ (చిప్పు తన రకం చెప్పే అంకె) చదివితే అసలుదానికి హెక్స్ (పదహారు ఆధారపు అంకె) 60, బీఎంపీకి హెక్స్ 58 వస్తుంది. సెన్సర్‌ను బోర్డుకు కలిపే ఐ2సీ తీగల మీద దీని చిరునామా హెక్స్ 76 లేదా 77. ఎస్‌హెచ్‌టీ31ది 44 లేదా 45.

గొడుగుకు మొక్కల కుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు 15 నుంచి 20 సెం.మీ. వ్యాసంవి ఎనిమిది తీసుకోండి. పై రెండూ వదిలి మిగతావాటికి మధ్యలో 7 సెం.మీ. రంధ్రం కోయండి. మూడు స్టీలు థ్రెడ్ రాడ్‌ల మీద, ప్లేటుకు ప్లేటుకు మధ్య 15 నుంచి 20 మి.మీ. ఖాళీ ఉండేలా, బోర్లించి పేర్చండి. సెన్సర్ మధ్యలో వేలాడాలి, ఏ ప్లేటునూ తాకకూడదు. ఇంతా చేసి ఈఎస్‌పీ32ను అదే గొడుగులో పెడితే బోర్డు వేడికి అంకె పైకి పోతుంది. బోర్డు డబ్బా గొడుగు కింద ఒక అడుగు దూరంలో, గడకు ఉత్తరం పక్క బిగించండి. త్రీడీ ప్రింట్ చేసేవాళ్లు పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ వాడకండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండకు మొదటి వేసవిలోనే వంగిపోతుంది. ఏఎస్‌ఏ మేలు, లేకపోతే పీఈటీజీ.

ఐ2సీ తీగ అరమీటరు మించనివ్వకండి. డాబా మీద సెన్సర్, హాల్లో బోర్డు పెట్టి పది మీటర్ల తీగ లాగితే బల్ల మీద పనిచేసినది పైన రోజూ ఆగిపోతుంది. బోర్డు పైనే ఉండాలి, కిందికి వచ్చేది కరెంటు తీగ ఒక్కటే.

ఆ కరెంటు ఎలా ఇవ్వాలన్నది సొంతంగా కట్టేవాళ్లను ఎక్కువగా ముంచే విషయం. 230 వోల్టులు డాబా మీదికి తీసుకెళ్లకండి. 5 వోల్టుల అడాప్టర్ కింద పెట్టి 15 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక జత తీగ మీద పంపితే, రానూపోనూ తీగ నిరోధం సుమారు 2.5 ఓమ్‌లు. వై-ఫై అందుకునే క్షణంలో బోర్డు 400 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే తీగలోనే ఒక వోల్టు పోతుంది. బోర్డు రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. కింద 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, పైన బోర్డు పక్కన బక్ కన్వర్టర్‌తో 5కు దించండి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి చేర్చండి. రాగి పూత అల్యూమినియం కేబుల్ అంటగడతారు, తీగ గీకి చూసి తీసుకోండి.

సోలార్, బ్యాటరీ సెట్ ఇంటర్నెట్‌లో తేలికగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, బ్యాటరీ ఆదా కోసం బోర్డును డీప్ స్లీప్‌లో (దాదాపు నిద్రలో) పెడితే గాలి కప్పులు తిరిగినప్పుడల్లా వచ్చే పల్సులు లెక్కబెట్టేవాళ్లుండరు. ప్రత్యేకంగా తక్కువ విద్యుత్ కోప్రాసెసర్‌తో రాస్తే కుదురుతుంది కానీ అది మొదటిసారి కట్టేవాళ్ల పని కాదు. పైగా మూసిన డబ్బాలో మే నెల మధ్యాహ్నం 18650 లిథియం సెల్‌ను ఛార్జ్ చేయడం ప్రమాదం. అవి 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయాల్సినవి కావు. ఉష్ణోగ్రత, తేమ మాత్రమే అయితే సోలార్ పెట్టుకోండి. అప్పుడు కూడా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్, దానికి తగిన ఛార్జర్ వాడండి.

ఇక పల్సుల లెక్క. వర్షమాపకంలో, గాలి కప్పుల్లో ఉండేది రీడ్ స్విచ్, అయస్కాంతం దాటినప్పుడల్లా ఒకసారి మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు రెండు మూడుసార్లు అదురుతుంది కాబట్టి ఒక బకెట్‌కు మూడు పడతాయి. 10 కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ప్రోగ్రామ్‌లో కొంత విరామం పెట్టాలి. ఆ విరామం రెండిటికీ ఒకటే పెట్టడం పెద్ద పొరపాటు. వానకు 200 మిల్లీసెకన్లు పెట్టినా నష్టం లేదు. గంటకు 150 మి.మీ. కుండపోతలో కూడా, తిరిగిన ప్రతిసారీ 0.2794 మి.మీ. లెక్కగట్టే బకెట్ సుమారు ఏడు సెకన్లకోసారే తిరుగుతుంది. అదే 200 గాలికి పెడితే సెకనుకు ఐదు పల్సులే లెక్కకొస్తాయి. సెకనుకు ఒక పల్సు అంటే గంటకు 2.4 కిలోమీటర్లు అనే మామూలు కప్పుల్లో అది 12 కిలోమీటర్లకే ఆగిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో పల్సుల మధ్య ఎడం 24 మిల్లీసెకన్లే. అందుకే గాలికి 5 మిల్లీసెకన్లు చాలు. బోర్డుకు ప్రోగ్రామ్ తయారుచేసే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకో ముడి ఉంది. ఈఎస్‌పీ32 హార్డ్‌వేర్ కౌంటర్‌లో ఫిల్టర్, అంటే ఈ విరామం, 13 మైక్రోసెకన్లకు మించదు. ఆ హార్డ్‌వేర్ కౌంటర్‌ను ఆపితేనే మిల్లీసెకన్ల ఫిల్టర్ పనిచేస్తుంది.

దిశ చూపే తోకలో ఎనిమిది స్విచ్‌లు, ఎనిమిది రెసిస్టర్లు ఉంటాయి. పక్కపక్క స్విచ్‌లు రెండూ మూసుకున్నప్పటివి కలిపి పదహారు విలువలు వస్తాయి. 10 కిలోఓమ్‌లతో 3.3 వోల్టులు ఇస్తే కొన్ని దిశల మధ్య తేడా 0.03 వోల్టులే. ఈఎస్‌పీ32లోని ఏడీసీకి అంత కచ్చితత్వం లేదు, పైగా వై-ఫై నడుస్తుంటే రెండో ఏడీసీ పిన్నులు పనిచేయవు. ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ చిప్పు పెట్టి చదవండి. సగటు దిశ తీసేటప్పుడు అంకెలను కూడి భాగించకండి. 350, 10 డిగ్రీల సగటు ఉత్తరం కావాలి, కూడి భాగిస్తే 180 అంటే దక్షిణం వస్తుంది. సైన్, కొసైన్ భాగాలుగా విడదీసి సగటు కట్టాలి.

తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి సోల్డర్ జాయింట్లు పచ్చబడతాయి. బోర్డుకు చెమ్మ తగలనీయని కన్ఫార్మల్ కోటింగ్ వేయండి, తేమ సెన్సర్ మీది చిన్న రంధ్రం మాత్రం మూసుకుపోకుండా టేపు అంటించి వేయండి. కేబుల్ గ్లాండ్లు డబ్బా అడుగునే ఉండాలి, తీగ కిందికి జారి మళ్లీ పైకెక్కేలా ఒక వంపు ఇస్తే నీరు లోపలికి పాకదు. అడుగున రెండు మి.మీ. రంధ్రం ఒకటి పెట్టి దానికి సన్నని జాలీ అంటించండి. పూర్తిగా బిగించిన డబ్బాలో రాత్రి చెమ్మ లోపలే నీరవుతుంది. జాలీ లేకపోతే చీమలు, బల్లులు కాపురం పెడతాయి.

7. కొన్నా కట్టినా సరిచూడాలి

వర్షమాపకానికి మెడికల్ షాపులో దొరికే సెలైన్ డ్రిప్ సెట్ మంచి సాధనం. నోరు 11 × 5 సెం.మీ. ఉన్న గరాటుకు 50 మి.మీ. వాన అంటే 275 మి.లీ. నీళ్లు. కొలిచి సీసాలో పోసి, గంటకు తక్కువ కాకుండా చుక్కచుక్కగా గరాటులో పడేలా రోలర్ తిప్పండి. 0.2794 మి.మీ. బకెట్ అయితే 179 తిరగాలి. 170 వస్తే ప్రతి తిరుగుడు విలువను ఆ నిష్పత్తిలో పెంచండి, లేదా బకెట్ కింది మరలు సర్దండి. ఒక్కసారిగా పోస్తే బకెట్ తిరిగేలోపు పడిన నీరు లెక్కలోకి రాక తక్కువ చూపిస్తుంది. కుండపోత వానలో జరిగేదీ ఇదే, అందుకే అలాంటి రోజుల్లో బకెట్ పక్కన మామూలు సీసా గరాటు కూడా ఉంచండి. పరీక్షకు ముందు రసమట్టంతో మట్టం చూడటం మరవద్దు.

తేమకు వంటింటి ఉప్పు చాలు. ఉప్పులో కొద్దిగా నీళ్లు పోసి తడి ఇసుకలా చేసి, గాలి చొరని డబ్బాలో సెన్సర్‌తో పాటు (తాకకుండా) పన్నెండు గంటలు ఉంచండి. 25 డిగ్రీల దగ్గర లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడాలి.

పీడనానికి దగ్గర్లోని విమానాశ్రయం అరగంటకో గంటకో ఇచ్చే మెటార్ వాతావరణ రిపోర్టులోని క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన పీడనం) అంకె చూడండి. శంషాబాద్, బేగంపేట, గన్నవరం, విశాఖ, తిరుపతి, కడప అన్నిటివీ దొరుకుతాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు కాబట్టి సెన్సర్ 950 హెక్టోపాస్కల్స్ దగ్గర చూపితే అది చెడిపోయినట్టు కాదు. స్టేషన్‌లో ఎత్తు నింపితే అది సముద్రమట్టపు అంకెగా మారుతుంది. మిగిలిన ఒకటి రెండు తేడాను సవరణగా ఇవ్వండి.

ఉష్ణోగ్రతను తెల్లవారకముందు, మబ్బు పట్టి గాలి ఆడుతున్నప్పుడు మరో నమ్మకమైన థర్మామీటర్‌తో పోల్చండి. ఆ వేళ సరిపోయి మధ్యాహ్నం తేడా వస్తే తప్పు గొడుగుది. ఇంకో గుర్తు: ఎండకు మబ్బు అడ్డం రాగానే ఐదు నిమిషాల్లో రెండు డిగ్రీలు పడిపోతే, పడింది గాలి ఉష్ణోగ్రత కాదు, గొడుగు వేడి.

8. గడ, పిడుగు, కోతులు

గాలి సెన్సర్‌కు ఒకటింబావు అంగుళం జీఐ పైపు, పిట్టగోడకు రెండు చోట్ల, అరమీటరు ఎడంతో క్లాంపులు. పైపు రెండు మీటర్లు దాటితే మూడు పక్కలా సమానంగా స్టీలు తీగలు లాగి కట్టండి. నీళ్ల ట్యాంకు పీవీసీ పైపుకు కట్టినవి హుద్‌హుద్ లాంటి తుఫానుకే కాదు, వైశాఖంలో వచ్చే గాలిదుమారానికే పడతాయి. కింద పడితే పోయేది సెన్సర్ మాత్రమే కాదు, కింద మనుషులుంటారు.

ఇనుప గడను ఎర్త్ చేయించండి. పిడుగు నేరుగా పడితే ఏదీ మిగలదు, దగ్గర్లో పడినా తీగ వెంట ఇంట్లోకి వోల్టేజీ దూకుతుంది. వైర్‌లెస్ రెడీమేడ్ స్టేషన్‌కు ఇక్కడ నిజమైన మేలుంది: డాబాకు, ఇంటికి మధ్య తీగే లేదు. కట్టుకున్నవాళ్లు ఉరుములు దగ్గరైతే అడాప్టర్ తీసేయాలి, డాబా ఎక్కకూడదు.

తోక ఉత్తరం గుర్తు పెట్టేటప్పుడు ఫోన్ దిక్సూచిని పైపు పక్కన పెట్టకండి, ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. మ్యాపులో మీ ఇంటి నుంచి నేరుగా ఉత్తరాన కనిపించే గుడి గోపురమో ట్యాంకో గుర్తించి దానికి గురిపెట్టండి.

కోతులున్న ఊళ్లలో గాలి కప్పులు ఊయలే. పైపుకు గ్రీజు పూస్తే దుమ్ము పట్టి రెండు వారాల్లో పనికిరాకుండా పోతుంది. పైపు మీద కిందికి తెరిచిన రేకు గరాటు బిగించడం కొంత మేలు. పావురాలకు వర్షమాపకం అంచు చుట్టూ జిప్ టైలు నిలువుగా నిలబెట్టండి, కొసలు కత్తిరించకుండా.

9. ఏడాదిలో చేయాల్సినవి

తొలకరికి ముందు మే చివరలో గరాటు విప్పి దుమ్ము, ఎండుటాకులు, సాలెగూళ్లు తీసి, బకెట్‌ను మెత్తటి బ్రష్‌తో కడగండి. నూనె వేయకండి, నూనె పట్టిన బకెట్‌లో నీరు సరిగా నిలవదు. వానాకాలంలో నెలకోసారి జాలీ చూడండి. చలికాలం మొదట్లో గొడుగు ప్లేట్లు కడగండి, మసి పట్టిన తెలుపు ఎండను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి గాలి కప్పులను చేత్తో తిప్పి చూడండి. ఊదితే తిరగనివి బేరింగ్ మార్చాల్సినవి.

చివరిగా సెట్టింగుల్లో ఒక మార్పు. చాలా స్టేషన్లు రోజు వాన లెక్కను అర్ధరాత్రి సున్నా చేస్తాయి. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు దాకా కురిసిన 70 మి.మీ. వాన మీ స్టేషన్‌లో రెండు రోజులకు చీలిపోయి, భారీ వర్షానికి శాఖ పెట్టిన 64.5 మి.మీ. హద్దును ఏ రోజూ చేరకపోవచ్చు, శాఖ లెక్కలో మాత్రం భారీ వర్షం అవుతుంది. సెట్టింగ్ మార్చే వీలుంటే 8:30 పెట్టండి. లేకపోతే గంటల వారీ డేటాను దించుకుని 8:30 నుంచి 8:30కి కూడుకోండి. సొంత ప్రోగ్రామ్ రాసినవాళ్లకు ఇది ఒక్క వరుస పని.